నడుముకు జలుబు

జక్రయ్య పారను వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టాడు.

"లోపలికి పోవాలంటే ముందు దీన్ని చేత్తో పట్టుకో. పట్టుకుని పెరట్లోకి నడువు," అన్నాడు.

ప్రేమమ్మ గుమ్మం ఇవతల చేట పట్టుకుని నిలబడింది. చేటలో కందిపప్పు ఉంది. లోపల పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది.

"ఎసరు ఇగిరిపోతుందండీ."

"ఇగరనీ."

"అన్నం ఆలస్యమైతే మీరే కేకలేస్తారు."

"వెయ్యను. ఇవాళ ఉపవాసం అనుకుంటాను."

"నేను అనుకోను," అంది కొండమ్మ. జక్రయ్య తల్లి ఆమె. పంచలో స్తంభానికి ఆనుకుని చింతపండులో గింజలు తీస్తోంది. "మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే నా కడుపెందుకు మాడాలి? ఒరేయ్, ఆ పార తియ్యి. ఎవరి కాలికైనా తగిలిందంటే దానికో స్వస్థత సభ పెట్టించాలి."

జక్రయ్య తల్లి మాట వినిపించుకోలేదు.

"ఎల్లుండి గుడిలో కోత పండగ. సంఘమంతా మన దొడ్డివైపే చూస్తోంది. ఆ తుంగ చూశావా? మోకాలు దాటింది. చిక్కుడు తీగ పందిరి కోసం చూసీ చూసీ విసుగొచ్చి మరుగుదొడ్డి రేకు మీదికెక్కింది. వంగమొక్కలు ఎక్కడున్నాయో నాకు తెలీదు, నీకు తెలీదు."

"దేవుడికి తెలుసు," అంది ప్రేమమ్మ.

"దేవుడి పేరు మధ్యలోకి తేకు."

"తెచ్చింది మీరు కాదూ?"

కొండమ్మ చింతగింజను వేళ్ళమధ్య పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నిజానికి తెచ్చింది జక్రయ్యే. ఆగస్టులో బడి మైదానంలో జరిగిన స్వస్థత సభల్లో ప్రేమమ్మ లేచి, ఏళ్ళ తరబడి పట్టి పీడించిన నడుము నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పింది. బాలికల హాస్టల్లో గంగాళాలు ఎత్తి దించడం వల్ల వచ్చిన నొప్పి అది. దానివల్లే ఆ వంటపని మానుకోవాల్సి వచ్చింది. సాక్ష్యం చెప్పి ఆమె వేదిక మెట్లు దిగేలోపు జక్రయ్య మెట్లెక్కాడు. మైకు చేతికందేసరికి ఒక మాటకు నాలుగు మాటలు వచ్చాయి. కోత పండగకి తన పెరట్లో, తన భార్య చేతులతో పండిన పంట తెచ్చి గుడి బల్ల ముందు పెడతానని మొక్కుబడి చేశాడు.

"తన భార్య చేతులతో" అన్న మాట ముందుగా అనుకున్నది కాదు. చప్పట్లు ఇంకా రావడం లేదని కలిపాడు. కానీ అన్న మాట అన్నదే. సత్తెనపల్లి మిర్చి కొట్లో కాటా వేసే మనిషి అతను. ముల్లు కదలకుండా నిలిచేదాకా బస్తా దించనివ్వడు. ఆమె చేతులతో అన్నాడు కాబట్టి ఆ తర్వాత అతను పెరట్లో ఒక్క గడ్డిపోచ పీకలేదు. ఎవరినీ పీకనివ్వలేదు. పరీక్ష హాల్లో పంతులు తిరిగినట్టు చేతులు వెనక్కి కట్టుకుని దొడ్డి చుట్టూ తిరిగేవాడు. మంచి ఎరువు దొరికితే తెచ్చి గోడవారన పోసి, ఇక నీదే ఆలస్యం అన్నట్టు చూసేవాడు.

ఆలస్యం మాత్రం జరుగుతూనే ఉంది.

మొదట వాన పడుతోందంది ప్రేమమ్మ. వాన ఆగాక, బురద ఆరనివ్వండి అంది. ఆరాక, నేల గట్టిపడింది ఇంకో వాన పడాలి అంది. తర్వాత కోడి తుంగలో పొదిగింది. పిల్లలయ్యాక, గడ్డి పీకేస్తే గద్ద తన్నుకుపోతుందంది. ఆ పిల్లలిప్పుడు గోడెక్కి పక్కింటివాళ్ళ వడియాలు తినే వయసుకొచ్చాయి.

"పాముందన్నావు," అన్నాడు జక్రయ్య. "కర్ర పట్టుకుని రెండు ఆదివారాలు వెతికాను. పాము లేదు. మొన్నేమో ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వాలని ధర్మశాస్త్రంలో ఉందన్నావు."

"ఉంది కదండీ."

"ఉంది. ఏడో ఏట. మనం ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళు."

"అంతకుముందు ఉన్నవాళ్ళవి కూడా కలుపుకోవాలి కదా."

కొండమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జక్రయ్యకు నవ్వు రాలేదు. "సరే, అసలు మాట విను. నాలుగింటికి పాస్టరు అయ్యగారొస్తున్నారు. ఆ చెరువుకట్ట అవతల రైతుల కోడలు సుబ్బరావమ్మ లేదూ, ఆమెను తీసుకొస్తున్నారు. ఆమెకూ నడుమేనట. నిన్ను చూడాలంది. బాగయిన మనిషిని, ఆ మనిషి చేసిన తోటని కళ్ళారా చూస్తే నమ్మకం కలుగుతుందని అయ్యగారు అన్నారు."

ప్రేమమ్మ చేతిలో చేట కొంచెం వంగింది. పప్పు కొంత కింద రాలింది.

"నన్ను అడక్కుండా ఎలా రమ్మన్నారు?"

"ఇందులో అడిగేదేముంది? బాగయింది చూపించడానికి సిగ్గెందుకు?"

ఆమె రాలిన పప్పు వైపు చూసింది. వంగి ఏరలేదు.

"ఇదే నాకు అర్థం కానిది," అన్నాడు జక్రయ్య. గొంతు తగ్గింది. "నొప్పి ఉన్నన్నాళ్ళూ మూలుక్కుంటూ అయినా నారు పోశావు, పాదులు చేశావు. నొప్పి పోయాక పని మానేశావు. దేవుడు నడుము బాగుచేసింది కూర్చోడానికా?"

చెప్పులేసుకుని గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నాలుగింటికల్లా కనీసం చిక్కుడు దాకా దారైనా కనపడాలి."

అతను వెళ్ళాక కొండమ్మ లేచి, పారను దాటి వంటింట్లోకి వెళ్ళింది. "నాకేం మొక్కుబడి లేదు," అనుకుంటూ ఎసట్లో బియ్యం పోసింది. "రా లోపలికి. ఆ పార తీసి పక్కన పెట్టు, కాళ్ళకడ్డం."

ప్రేమమ్మ పారను కాలితో గోడవైపు తోసింది.

"కాలితో తోశావేం?"

"చేతిలో చేట ఉంది కదా అత్తయ్యా."

"చేట దించొచ్చుగా."

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది.

"నీ జలుబెలా ఉంది?" అంది కొండమ్మ.

"అలాగే ఉంది."

ఈ జలుబు సంగతి ఊరంతా తెలుసు. సభల తర్వాత నుంచీ ప్రేమమ్మ దగ్గర నొప్పుల బామ్ వాసన వేస్తోంది. అడిగినవాళ్ళకల్లా జలుబండీ అంటోంది. గుడిలో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళకి తుమ్ములొచ్చాయి గానీ ఆమె తుమ్మగా ఎవరూ చూడలేదు. జక్రయ్య శొంఠి తెచ్చాడు, మిరియాలు తెచ్చాడు, రోజూ సాయంత్రం తనే కషాయం కాచి ఎదురుగా కూర్చుని తాగిస్తున్నాడు.

"మరి నిన్న స్నానాల గదిలోంచి వావిలాకు వాసనొచ్చింది," అంది కొండమ్మ. "జలుబుకి ముక్కు దగ్గర ఆవిరి పట్టుకుంటారు. నువ్వు వీపు మీద చెంబులు చెంబులు పోసుకుంటున్నావు. నడుముకు జలుబు చేసిందా?"

ప్రేమమ్మ తలుపు చట్రానికి ఆనుకుంది. "ఎప్పుడు కనిపెట్టారు?" అంది.

"మంచం మీంచి లేచేటప్పుడు రెండు చేతులూ మంచం పట్టె మీదికి పోతున్నాయి. నాకు కళ్ళు కనపడవని అనుకుంటారు మీరు. దారం ఎక్కించడానికి కనపడవు, మనుషులు కనపడతారు. ఎప్పుడొచ్చింది మళ్ళీ?"

"బుధవారం."

"మొన్న బుధవారమా?"

"ఆదివారం సాక్ష్యం చెప్పానా? ఆ వారం బుధవారం."

కొండమ్మ గరిటె కింద పెట్టింది. "ఓసి నీ అసాధ్యం కూలా. అప్పట్నుంచీ మోస్తున్నావా?"

"సోమవారం నిజంగానే లేదు అత్తయ్యా. మంగళవారం కూడా లేదు. సోమవారం పొద్దున గ్లాసు కింద పడితే వంగి తీశాను. మామూలుగా, అందరూ తీసినట్టు తీశాను. ఆయన చూసి గోడవైపు తిరిగి ఏడ్చారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బుధవారం పొద్దున ముగ్గు వేస్తుంటే పట్టుకుంది. రేపటికి తగ్గుతుందేమో, అప్పుడే చెప్పడమెందుకులే అనుకున్నాను. రేపటికి తగ్గలేదు. ఆ ఆదివారం ప్రసంగంలో అయ్యగారు నా పేరు చెప్పారు. ఇంక ఎక్కడ చెప్పను?"

"మొగుడికి చెప్పొచ్చుగా."

"నమ్మకం చాలక మళ్ళీ వచ్చిందంటారు. నాకూ ఆ అనుమానం ఉంది. ఇచ్చినవాడే తీసుకున్నాడా, నేనే ఎక్కడైనా జారవిడిచానా అని."

కొండమ్మకు చదువు రాదు. "మీ వాక్యాల సంగతి నాకు తెలీదు గానీ, ఆ తుంగ నేను పీకుతాను, కూర్చో," అని కొంగు బిగించింది.

"వద్దత్తయ్యా. నా చేతులతో అన్నారు ఆయన. ఉన్న అబద్ధం చాలు."

భోజనాలయ్యాక ప్రేమమ్మకు ఒక ఆలోచన వచ్చింది. నొప్పంతా వంగినప్పుడే. వంగకుండా కింద కూర్చుని, కూర్చున్న చోటి నుంచి అందినంత పీకి, కొంచెం జరిగి మళ్ళీ పీకితే చిక్కుడు దాకా దారి పడుతుంది. వచ్చినవాళ్ళు చూసి పోతారు. మిగతాది తర్వాత.

మరుగుదొడ్డి గోడ పట్టుకుని, ఒక కాలు చాపి, రెండో కాలు మడిచి, ఏసయ్యా అనుకుంటూ నేలమీద కూర్చుంది. కూర్చోగలిగింది. దాంతో ధైర్యమొచ్చింది.

తుంగ మొదట్లో పట్టుకుని లాగితే గడ్డలతో సహా ఊడి వచ్చింది. తడిమట్టి వాసన తగిలేసరికి ఆమెకు ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకుందో తెలిసింది. ఒకప్పుడు పొద్దున్నే పని తెమలకముందే పెరట్లోకి వచ్చి ఒక్కో మొక్కనూ పలకరించేది. గడ్డి తప్పించేసరికి ఒక వంగమొక్క బయటపడింది. ఆకులు పురుగు తినేసినా నాలుగు కాయలున్నాయి. "నువ్వు బతికే ఉన్నావా," అంది దాంతో. ఇంకొంచెం జరిగింది. ఇంకో మొక్క కనపడింది. చిక్కుడు గుత్తులు చేతికందుతున్నాయి.

అంత సంతోషంగా ఉన్నప్పుడే నడుము పట్టేసింది.

ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. గోడ ఇప్పుడు చేతికందదు. "అత్తయ్యా," అని పిలిచింది మెల్లగా.

కొండమ్మ వచ్చి చంకల కింద చేతులు వేసి లాగింది. ప్రేమమ్మ బరువు మనిషి. కొండమ్మ పిడికెడు మనిషి. రెండోసారి లాగినప్పుడు కొండమ్మే తూలి తుంగలో కూలబడింది. అలా ఇద్దరూ ఎదురెదురుగా గడ్డిలో కూర్చున్నారు.

"ఇప్పుడు ఇద్దరికీ సభ పెట్టించాలి," అంది కొండమ్మ.

ప్రేమమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే నడుములో పోటు పొడిచింది. పోటు పొడిస్తే ఏడుపొచ్చింది. "నవ్వించకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను."

అప్పుడే గేటు చప్పుడైంది.

"ఇటు రండయ్యగారూ, పెరట్లోనే ఉన్నట్టుంది," అంటూ జక్రయ్య ముందు వచ్చాడు. వెనకాల గొడుగు చంకలో పెట్టుకుని జోసఫ్ అయ్యగారు, ఆయన వెనక మెల్లగా అడుగు చూసుకుని వేస్తూ సుబ్బరావమ్మ.

జక్రయ్య ఆగిపోయాడు. దారి పడి ఉంది. వంగమొక్కలు కనపడుతున్నాయి. భార్య నేలమీద కూర్చుని, మట్టి చేతులతో, చెమటతో, కళ్ళలో నీళ్ళతో ఉంది.

అతని మొహం వెలిగిపోయింది. "చూశారా అయ్యగారూ," అన్నాడు.

"స్తోత్రం," అన్నారు అయ్యగారు. "పని చేసే చోటికే వచ్చాం, ఇంకా మంచిది. నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని మొదలుపెడదాం. అందరం లేచి నిలబడదాం."

కొండమ్మ వంగమొక్క పట్టుకుని ఎలాగో లేచింది. ప్రేమమ్మ లేవలేదు.

"లే," అన్నాడు జక్రయ్య పళ్ళ మధ్య నుంచి.

"ఇలాగే ఉంటానండీ. నేలమీద ఉండి ప్రార్థిస్తే మనసు నిలుస్తుంది."

"ఎంత తగ్గింపు, ఎంత వినయం," అన్నారు అయ్యగారు మెచ్చుకుంటూ. ప్రార్థన కొంచెం పొడుగ్గానే చేశారు. ప్రేమమ్మ కళ్ళు మూసుకుని వేరే ప్రార్థన చేసుకుంది. వీళ్ళు త్వరగా వెళ్ళిపోవాలి, అంతే.

ఆమేన్ అయ్యాక సుబ్బరావమ్మను కూర్చోమన్నారు. జక్రయ్య లోపల్నుంచి కుర్చీ తెచ్చాడు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చీర కింద నడుముకు వెడల్పాటి పట్టీ ఉబ్బెత్తుగా తెలుస్తోంది. చెట్టంత మనిషి ఒక పక్కకి ఒరిగి నిలబడింది.

"మీ మామగారి చేలో మిరపకాయలు కోసిన నడుమే నాదీనూ," అంది కొండమ్మ పలకరింపుగా. "నా నడుము మాత్రం మైకెక్కలేదు."

"అమ్మా, నువ్వుండు," అన్నాడు జక్రయ్య.

సుబ్బరావమ్మ చిన్నగా నవ్వి ప్రేమమ్మ వైపు తిరిగింది. "నీ సంగతి మా చేలల్లో కూడా చెప్పుకుంటున్నారు ప్రేమమ్మా. నాకు రెండేళ్ళ నుంచీ ఉంది. ఇప్పుడు ఎడమ కాల్లోకి దిగింది. తిమ్మిరి. గుంటూర్లో డాక్టరు గారు సోమవారం వచ్చి చేరమన్నారు. కోసి చూడాలన్నారు. మా ఇంట్లో కోత అంటే భయపడుతున్నారు. నాకూ భయమే. నీకు కోయకుండా తగ్గింది కదా. అందుకని, మానేద్దామా అని."

"మానెయ్యమని నేననలేదమ్మా," అన్నారు అయ్యగారు. "నమ్మితే ఏదైనా సాధ్యమన్నాను."

"మాత్రలు వేసుకుంటున్నారా?" అంది ప్రేమమ్మ.

"నిన్నటి నుంచి ఆపేశాను. నమ్మకమున్నవాళ్ళు వేసుకోకూడదు కదా."

"ఎవరు చెప్పారు?"

సుబ్బరావమ్మ జక్రయ్య వైపు చూసింది.

"నేను వేసుకోవద్దనలేదు," అన్నాడు జక్రయ్య. "మా ఆవిడ సభల తర్వాత ఒక్క మాత్ర ముట్టుకోలేదన్నాను. ఉన్నదే చెప్పాను."

వంటింట్లో పోపుల డబ్బాలో, మెంతుల కింద మాత్రల పొట్లం ఉంది. ప్రేమమ్మ కళ్ళు దించుకుంది. కొండమ్మకి ఎక్కడలేని దగ్గొచ్చింది.

"ఎక్కువసేపు ఉండను," అంది సుబ్బరావమ్మ. "ఇంతదూరం వచ్చింది ఒక్కదానికే. నువ్వు కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడితే చూడాలని ఉంది. నాకు అదే చాతకావడం లేదు. అది చూస్తే చాలు, ధైర్యంగా ఇంటికి పోతాను."

ఎవరూ అడగని మాట అది. అయ్యగారు తోట చూపించమన్నారు. జక్రయ్య పంట చూపించమన్నాడు. నొప్పి తెలిసిన మనిషి మాత్రం లేచి నిలబడమంది.

"లే ప్రేమమ్మా," అన్నాడు జక్రయ్య ప్రేమగా. "లేచి చూపించు."

ప్రేమమ్మ నోటికి చాలా మాటలు వచ్చాయి. కాలు తిమ్మిరెక్కిందని, ఈ వరస పీకేదాకా లేవనని, చేతులకి మట్టి ఉందని. ఇన్ని నెలల అలవాటు, వాటంతటవే వరసకట్టి వచ్చాయి. అంతలో ఆమె చూపు సుబ్బరావమ్మ కాళ్ళ మీద పడింది. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలికి లేదు. ఆ చెప్పు గేటు దగ్గర గడ్డిలో ఉండిపోయింది. పల్లేరు ముళ్ళున్న నేల మీద ఆ పాదాన్ని ఆనించి నిలబడి ఉంది మనిషి. ఆమెకు తెలియనే లేదు.

"లేవలేను," అంది ప్రేమమ్మ.

"తగ్గింపు మంచిదే గానీ," అని అయ్యగారు ఏదో అనబోయారు.

"తగ్గింపు కాదండయ్యగారూ. నడుము పట్టేసింది. మీరు రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నాను. మా అత్తయ్య లాగింది, రాలేదు. ప్రార్థనప్పుడు లేవనిదీ అందుకే."

కోడిపెట్ట ఒకటి పీకిన తుంగ కుప్పను కాళ్ళతో చిమ్ముతోంది.

"ఈ ఒక్కరోజుకి పట్టింది," అన్నాడు జక్రయ్య. తనకి తాను చెప్పుకున్నట్టు. "అలవాటు తప్పి పని చేశావు కదా. ఎవరికైనా పడుతుంది."

"కాదండీ. ఆ సోమవారం, మంగళవారం నొప్పి లేదు. అప్పుడు స్తోత్రం చెప్పాను, అది నిజమే. బుధవారం మళ్ళీ వచ్చింది. అది చెప్పలేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. పామూ లేదు, ఏమీ లేదు. వంగలేక తోట పని రేపూ మాపూ అంటూ వచ్చాను."

జక్రయ్య కుర్చీలో కూర్చున్నాడు. సుబ్బరావమ్మ కోసం తెచ్చిన కుర్చీ అది. అతని నోట ఎవరూ అనుకోని మాట వచ్చింది.

"మరి జలుబు?"

"జలుబు లేదండీ."

"రోజూ కషాయం తాగావు."

"మీరు కాచి ఇచ్చారని తాగాను."

అతను మొహం తిప్పుకున్నాడు. నొప్పి తిరిగి వచ్చినందుకంటే ఆ కషాయమే అతన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది.

సుబ్బరావమ్మ మెల్లగా ప్రేమమ్మ దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. ఆమె మొహంలో ఏదో బిగువు సడలింది. "నీకు పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"పొద్దున. ముగ్గు వేసేటప్పుడు."

"నాకూ పొద్దునే. తుమ్ము వస్తే?"

"తుమ్ము వస్తుందంటే ముందే దేన్నన్నా పట్టుకుంటాను."

"నేను గడపని పట్టుకుంటాను," అంది సుబ్బరావమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ నడుం మీద చెయ్యి వేసుకుని జాగ్రత్తగా నవ్వారు.

"ఎడమకాలి చెప్పు గేటు దగ్గర వదిలేశారు," అంది ప్రేమమ్మ.

సుబ్బరావమ్మ కిందికి చూసుకుంది. నవ్వు ఆగింది. పాదం ఎత్తి చూసుకుంది. అరికాల్లో పల్లేరు కాయ దిగి ఉంది. నెత్తురు సన్నగా వస్తోంది.

"నా నొప్పి నొప్పిగానే ఉంది. మీది అలా కాదు," అంది ప్రేమమ్మ. "మాత్ర ఇవాళే వేసుకోండి. సోమవారం దాకా కూడా ఆగకండి, రేపే గుంటూరు వెళ్ళండి."

"మరి మీ దేవుడు?"

ప్రేమమ్మ ఆలోచించింది. "నాకు రెండు రోజులు ఇచ్చాడు. ఎందుకు రెండే ఇచ్చాడని అడుగుతూనే ఉన్నాను. ఇంకా చెప్పలేదు. చెప్పేదాకా మాత్ర వేసుకుంటున్నాను."

కొండమ్మ పల్లేరు కాయ తీసి, పసుపు అద్ది, చెప్పు తెచ్చి తొడిగింది. గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. గేటు దగ్గర సుబ్బరావమ్మ వెనక్కి తిరిగి, "రేపు పొద్దున బస్సుకే పోతాను అక్కా," అంది. జక్రయ్య ఆ పిలుపు విన్నాడు. అయ్యగారూ విన్నారు. ఆ ఇంటి మనుషులు చెరువుకట్టకు ఇటువైపు ఎవరినీ అక్కా అనరు.

అయ్యగారు ఇంకా అక్కడే నిలబడి గొడుగు మడత సర్దుకుంటున్నారు.

"నువ్వు చెప్పింది మంచిదేనమ్మా," అన్నారు చివరికి. "నిజం చెప్పావు."

"ఎల్లుండి గుడిలో కూడా చెప్తానయ్యగారూ. నలుగురిలో చెప్పింది నలుగురిలోనే దిద్దుకోవాలి కదా. ఇంకెవరైనా మాత్రలు ఆపేశారేమో."

అయ్యగారి చెయ్యి గొడుగు మీద ఆగింది. "చెప్పాలి. తప్పకుండా చెప్పాలి. కానీ ఎల్లుండి కాదమ్మా."

"ఎందుకని?"

"ఎల్లుండి కోత పండగకి ఆ సభలు పెట్టిన దైవజనుడు వస్తున్నాడు. నీ సాక్ష్యం వినే వస్తున్నాడు. పక్క ఊళ్ళ సంఘాలకి కూడా కబురు వెళ్ళింది. పండగ వెళ్ళనివ్వు. తర్వాత క్రిస్మసు పనులు వస్తాయి, అవీ కానివ్వు. నిదానంగా ఒక ఆదివారం చూసుకుని..."

"వానలు తగ్గాక," అంది గేటు దగ్గర్నుంచి కొండమ్మ.

అయ్యగారి మొహం ఎర్రబడింది. మంచి మనిషే ఆయన. జక్రయ్యకు తలూపి వెళ్ళిపోయారు.

పెరట్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు. ఎండ వాలింది. జక్రయ్య కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. వంగి రెండు చేతులూ చాపాడు. ఆమె ఆ చేతులు పట్టుకుంది. అతను లాగలేదు.

"లేపుతాను. ఒక్క మాట చెప్పు. ఎల్లుండి నువ్వు లేచి చెప్తావు, అంతేనా?"

"చెప్తానండీ."

"నేను సంఘ పెద్దని. ఆ దైవజనుడి పక్కన, మీ అందరికీ ఎదురుగా నా కుర్చీ ఉంటుంది. నువ్వు లేచినప్పుడు నేను ఆ కుర్చీలోనే కూర్చోవాలా, దిగి వచ్చి నీ పక్కన నిలబడాలా?"

ప్రేమమ్మ అతని మొహంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

"అది నేను చెప్పేది కాదండీ," అంది. "ముందు నన్ను లేపండి."

అతను కాళ్ళు తన్నిపెట్టి ఊపిరి బిగబట్టి లాగాడు. ఆమె సగం లేచింది. సరిగ్గా అప్పుడు జక్రయ్య "అబ్బా" అని, ఒక చెయ్యి వదిలి తన నడుం పట్టుకున్నాడు.